ఆకు రాలే కాలంలో ఉగాది - నేటాల్ తెలుగు ఇండ్లలో పండుగ వంటల చరిత్ర

మన పూర్వీకులు ఈ దేశానికి వచ్చిన చరిత్రను గూర్చి ఇటువంటి సంచికలలో ఎందరో పెద్దలు వ్రాశారు. 1860 నవంబరు 16వ తేదీన ‘ట్రూరో’ అనే ఓడ మద్రాసు నుండి 342 మందితో డర్బన్ రేవు చేరిన సంగతి మన పిల్లలకు కూడా తెలుసు. 1911లో కరారు కూలీల రాక నిలిచిపోయేనాటికి 1,52,000 మందికి పైగా భారతీయులు నేటాల్ గడ్డమీద అడుగుపెట్టారనీ, వారిలో సుమారు మూడింట రెండు వంతుల మంది మద్రాసు రేవు నుండే బయలుదేరారనీ చదువుకున్నాము. ఆనాటి ఓడల జాబితాలలో మన తాతముత్తాతల నంబరు ఉన్నది. తండ్రి పేరు, వయస్సు, ఊరు, తాలూకా, కులం, చివరకు ఒంటిమీది మచ్చలు కూడా ఉన్నవి. కాని వారు పండుగనాడు ఏమి వండుకున్నారో, దేనికి బదులు దేనిని వాడుకున్నారో ఏ గుమాస్తా వ్రాయలేదు.

ఆ చరిత్ర మన వంటింటిలో ఉన్నది. అరవై ఏండ్లు దాటిన తరువాత, నా చేతితో మొదటిసారి ఉగాది వంట చేయబూనినప్పుడు గాని నాకు ఆ సంగతి తెలియలేదు. ఇందులో సిగ్గుపడవలసినది కొంత ఉన్నది. అయినా మీ అందరితో చెప్పుకుంటే మరొక ఇంటికి మేలు కలుగవచ్చునని వ్రాస్తున్నాను.

అరవై ఏండ్లకు మొదటి వంట

మా ఇంట ఉగాది వంట ఎప్పుడూ మా పెద్దమ్మదే. ఆమెకు ఇప్పుడు ఎనభై ఆరేండ్లు. పోయిన సంవత్సరం నుండి చేతులు వణుకుతున్నాయి, గరిటె నిలవడం లేదు. పండుగకు వారం రోజుల ముందు నన్ను పిలిచి, “ఈ ఏడు నువ్వు చెయ్యి, అమ్మాయ్. నేను కుర్చీ వేసుకొని కూర్చుంటాను” అన్నది. నేను ముప్పై ఏండ్లు బడిలో పాఠాలు చెప్పినదానను. అన్నం, పప్పు, కూర వండుకోగలను. కాని పులిహోర, పోళీలు, ఉగాది పచ్చడి ఒక్కసారి కూడా స్వయంగా చేసి ఎరుగను.

ఎందుకు ఎరుగనని మీరు అడగవచ్చు. మా అమ్మా, పెద్దమ్మా పుట్టి పెరిగినది డర్బన్‌లోని మ్యాగజీన్ బ్యారక్సులో. నగరపాలక సంస్థలో పనిచేసే భారతీయుల కోసం కట్టిన ఆ వరుస ఇండ్లలో ఎక్కువమంది తమిళులు, తెలుగువారే. ఇండ్లు ఇరుకు, నీళ్ళ కొళాయి అందరికీ కలిపి. పండుగ వస్తే పది ఇండ్ల ఆడవారు ఒకచోట చేరి వండేవారట. ఆడపిల్లకు ఎవరూ పనిగట్టుకొని నేర్పనక్కరలేదు. పిండి కలిపే చేతుల మధ్య కూర్చుంటే చాలు, వంట దానంతట అదే వచ్చేది.

1950లో ‘గ్రూప్ ఏరియాస్’ చట్టం వచ్చింది. 1960ల దశాబ్దంలో బ్యారక్సు ఖాళీ చేయించి మనవారిని చాట్స్‌వర్త్‌కు తరలించారు. అక్కడ ఎవరి ఇల్లు వారిది, ఎవరి తలుపు వారిది. బస్సు చార్జీలు పెరిగాయి, అద్దె పెరిగింది. అంతవరకు గడప దాటని ఎందరో ఆడవారు బట్టలు కుట్టే ఫ్యాక్టరీలకు పోవలసివచ్చింది. మా అమ్మ కూడా పోయింది. నన్ను మాత్రం “నువ్వు చదువుకో, పొయ్యి దగ్గరకు రావద్దు” అన్నది. అది ప్రేమతో అన్న మాటే. దానివలన నాకు ఉద్యోగం వచ్చింది, వంట మాత్రం రాలేదు. మావంటి ఇండ్లు చాట్స్‌వర్త్‌లో ఎన్ని ఉన్నాయో మీకే తెలుసు.

పులిహోర, యుద్ధకాలపు మీలీ బియ్యం

నేను మొదట ఒక పుస్తకం తీశాను. 1961లో డర్బన్ ఉమెన్స్ కల్చరల్ గ్రూపువారు ప్రచురించిన ‘ఇండియన్ డిలైట్స్’ మన దేశంలో దాదాపు ప్రతి భారతీయ ఇంటిలోను కనబడుతుంది. చాలా మంచి పుస్తకం. కాని అది ప్రధానంగా గుజరాతీ ముస్లిం ఇండ్ల వంటల సంప్రదాయం నుండి వచ్చినది. మా పెద్దమ్మ ఉగాదికి అది చాలదు. ఇక మిగిలినది ఆమె నోటిమాట. నేను నోటుబుక్కు, కలము పట్టుకొని కూర్చున్నాను.

“చింతపండు ఎంత పెద్దమ్మా?” అంటే “నిమ్మకాయంత” అన్నది. “పెద్ద నిమ్మకాయా, చిన్నదా?” అంటే “మన చెట్టు నిమ్మకాయ” అన్నది. ఆ చెట్టు బ్యారక్సులోనే ఉండిపోయి అరవై ఏండ్లయింది. బియ్యానికి కొలత ఒక ఎనామిల్ కప్పు. అంచు ఊడిపోయిన ఆ కప్పు మాత్రం ఇప్పటికీ ఉన్నది.

నా మొదటి పులిహోర ముద్దయింది. బియ్యం మామూలుగా ఉడికించినట్లే ఉడికించాను. పులిహోరకు అన్నం ఒక పలుకు ముందే దించాలట. వెడల్పు పళ్ళెంలో పరచి, నూనె, పసుపు వేసి, పూర్తిగా చల్లారిన తరువాత గాని పులుసు కలపరాదట. నేను వేడివేడిగా కలిపాను. పెద్దమ్మ ఒక ముద్ద నోట వేసుకొని, “ఇదే మీలీ బియ్యమైతే నీ తప్పు తెలిసేది కాదు” అని నవ్వింది.

మీలీ అంటే మొక్కజొన్న అని మనకు తెలుసు. ఆ నవ్వు వెనుక చాలా చరిత్ర ఉన్నది. కరారు కూలీకి ఇచ్చే రేషను లెక్క ఇది: రోజుకు ఒకటిన్నర పౌను బియ్యం, నెలకు రెండు పౌన్ల పప్పు, రెండు పౌన్ల ఉప్పుచేప, ఒక పౌను నూనె లేదా నెయ్యి, ఒక పౌను ఉప్పు. వారంలో కొన్ని దినాలు బియ్యానికి బదులు మొక్కజొన్న పిండి ఇచ్చేవారు. జీతం మొదటి ఏడు నెలకు పది షిల్లింగులు. ఏడాదికొక షిల్లింగు చొప్పున పెరిగి అయిదవ ఏట పద్నాలుగు అయ్యేది. పండుగ సరుకు ఏదైనా కావలసివస్తే ఆ షిల్లింగులలోనుండే కొనుక్కోవాలి.

అన్నం తినే జాతికి మొక్కజొన్న ఆ విధంగా మొదట పరిచయమైనది. రెండవ ప్రపంచ యుద్ధంలో అది తప్పనిసరి అయింది. 1942లో బర్మా జపానువారి చేతికి పోవడంతో అక్కడి బియ్యం రావడం ఆగిపోయి, నేటాల్‌లో మనవారు బియ్యానికి కటకటలాడిపోయారు. మొక్కజొన్నను బియ్యపు నూకల వలె పగులగొట్టి అమ్మేవారు. అదే మీలీ బియ్యం. అప్పుడు పెద్దమ్మకు నాలుగైదేండ్లు. వాళ్ళ అవ్వ ఉగాదినాడు మీలీ బియ్యంతోనే పులిహోర చేసి, “పులుపు, పసుపు ఉంటే పులిహోరే” అన్నదట. నిజమైన అన్నంతో పులిహోర తిన్ననాడు పెద్దమ్మ అది కొత్త వంట అనుకున్నదట.

పేరు పోళీ, రూపం కజ్జికాయ

రెండవ వంట పోళీలు. మైదాపిండిలో కాచిన నెయ్యి పోసి కలిపి, చిన్న పూరీలుగా వత్తి, కొబ్బరి, చక్కెర, ఏలకులు వేసిన పూర్ణం పెట్టి, అర్ధచంద్రాకారంగా మడిచి, అంచు మెలిపెట్టి నూనెలో వేయించాలి. నేను వేసిన మొదటి వాయిలో ఆరింటికి నాలుగు నూనెలోనే విచ్చుకున్నాయి. కొబ్బరి నల్లగా మాడి మూకుడంతా చెడిపోయింది. “పూర్ణం చల్లారిందా?” అని పెద్దమ్మ కుర్చీలోనుండి అడిగింది. చల్లారలేదు. వేడి పూర్ణం ఆవిరికి పిండి మెత్తబడి అంచు ఊడుతుంది. చక్కెర పాకపు తడి ఆరకపోయినా అంతే. రెండవ వాయి కొంత నయం. మూడవదానికి చెయ్యి కుదిరింది.

ఇక్కడ నేను ఒక తప్పు చేశాను. కాదు, తప్పు దిద్దబోయి తప్పు చేశాను. సాయంకాలపు తెలుగు తరగతులలో చదువుకున్నదానను కనుక, పోళీ అంటే శనగపప్పు పూర్ణంతో పెనం మీద కాల్చే బొబ్బట్టు అని నాకు తెలుసు. “పెద్దమ్మా, దీనిని పోళీ అనకూడదు. ఇది కజ్జికాయ” అన్నాను. ఆమె కోపం తెచ్చుకోలేదు. “మా అవ్వ పోళీ అన్నది. నీ బడి పుట్టకముందే అన్నది” అని ఊరుకున్నది.

తరువాత ఆలోచిస్తే ఆమె మాటలోనే చరిత్ర ఉన్నది. ఆ అవ్వ ఓడ కాగితంలో ఉత్తర ఆర్కాటు జిల్లా, చిత్తూరు తాలూకా అని ఉన్నది. చిత్తూరు వేరే జిల్లా అయినది 1911లో గనుక, అంతకు ముందు వచ్చినవారందరూ కాగితాలలో ఉత్తర ఆర్కాటువారే. ఆ ప్రాంతంలో, రాయలసీమలో బొబ్బట్టును ఓళిగ అనీ పోళీ అనీ అంటారు. తాతగారిది విశాఖపట్నం జిల్లా. స్వదేశంలో ఉంటే వీరిద్దరికీ పెండ్లి కావడం మాట అటుంచి, ఒకరి ముఖం ఒకరు చూసేవారు కారు. నేటాల్ చెరకుతోటలో ఒక ఇంటివారైనారు. ఆమె నోటి పేరు, ఆయన ఇంటి వంట కలిసి ఒక పళ్ళెంలో చేరాయని నాకు తోచింది.

ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదు. ఈ దేశంలో కొబ్బరి పెట్టి వేయించిన అర్ధచంద్రాన్ని తమిళులూ తెలుగువారూ పోళీ అనే అంటారు. దీపావళి పళ్ళెంలో అది లేని ఇల్లు అరుదు. బొబ్బట్టు ఎందుకు వెనుకబడిందంటే, నాకు తోచిన కారణం ఒకటే. వారానికి ఆరు దినాలు తోటలో పనిచేసినవారికి చేతికి దొరికినది ఆదివారం ఒక్కటే. పప్పు ఉడికించి, రుబ్బి, ఒక్కొక్కటిగా పెనం మీద కాల్చే బొబ్బట్టు ఎక్కువ దినాలు నిలవదు. వేయించిన పోళీ వారం పది దినాలు నిలుస్తుంది, పది ఇండ్లకు పంచవచ్చు. కాబట్టి నేను దిద్దబోయినది తప్పు కాదు, మన చరిత్ర. నోటుబుక్కులో ‘కజ్జికాయ’ కొట్టివేసి ‘పోళీ’ అని వ్రాసుకున్నాను.

ఋతువు తిరగబడిన పచ్చడి

ఇక ఉగాది పచ్చడి. ఆంధ్రదేశంలో చైత్రమాసం వచ్చేసరికి వేప పూస్తుంది, మామిడి పిందె దిగుతుంది, కొత్త బెల్లం, కొత్త చింతపండు చేతికి వస్తాయి. పచ్చడి ఆ ఋతువులో నుండే పుట్టింది. కాని మనము భూగోళానికి దక్షిణపు సగంలో ఉన్నాము. పంచాంగం చైత్రమన్నప్పుడు డర్బన్‌లో ఎండ తగ్గి, పొద్దు కురచబడి, ఆకు పండుబారుతుంది. వసంతంలో చేసుకోవలసిన పండుగను మనవారు నూట అరవై ఏండ్లకు పైగా ఆకు రాలే కాలంలో చేసుకుంటున్నారు.

ముందుగా మామిడి. కూరగాయలు, భారతదేశపు పలురకాల పంటలు ఇక్కడ పండించి, మామిడిని కూడా ఈ దేశానికి తెచ్చినది కరారు తీరిన మనవారేనని గాంధీజీ తన ఆత్మకథలో వ్రాశారు. అయితే ఇక్కడి మామిడికాయ క్రిస్మసు ముందు వస్తుంది. ఆవకాయలు అప్పుడే పెట్టుకుంటాము. ఉగాదినాటికి పచ్చికాయ ఉండదు. నేను మార్చి నెలలో అంగళ్ళన్నీ తిరిగి వట్టి చేతులతో వచ్చాను. పెద్దమ్మ ఏటా డిసెంబరులోనే నాలుగు కాయలు ముక్కలు కోసి, ఉప్పులో ఊరవేసి, సీసాలో ఉగాదికి దాచిపెట్టేదని నాకు అప్పుడు తెలిసింది. పోయిన డిసెంబరులో ఆమె చేతులు సహకరించలేదు. నన్ను చేయమని చెప్పలేదు, నేను అడగలేదు. చివరకు పక్కింటి తమిళ అక్కయ్య తన సీసాలోనుండి గుప్పెడు ముక్కలు ఇచ్చింది.

తరువాత బెల్లం. చెరకు నరకడానికే వచ్చిన జాతి మనది. అయినా మా ఇంటి పచ్చడిలో చిన్నప్పటి నుండి నేను చూసినది గోధుమరంగు చక్కెరే. మిల్లు దగ్గర దొరికేది అదే. 1946లో ఇక్కడి ప్రభుత్వం మనవారి భూమి హక్కులను హరించే చట్టం తెచ్చినప్పుడు, భారతదేశం ఈ దేశంతో వ్యాపారం నిలిపివేసింది. అది మన పక్షాన చేసిన పనే. నిషేధం 1993 వరకు సాగింది. ఆ నలభై ఏడేండ్లు భారతదేశపు సరుకు నేరుగా ఇక్కడకు రాలేదు. ఆ మధ్యకాలంలో పుట్టి పెరిగిన మావంటివారికి పచ్చడి అంటే చక్కెర పచ్చడే. ఇప్పుడు బెల్లం కొట్లో దొరుకుతున్నది. నేను అచ్చు కొనితెచ్చాను. పెద్దమ్మ వాసన చూసి, “మా అవ్వ చెప్పే వాసన ఇదేనేమో” అన్నది.

చివరకు వేపపువ్వు. అసలు చెప్పవలసిన సంగతి ఇదే.

మా గుమ్మం ముందర ఒక చెట్టు ఉన్నది. చిన్నప్పటి నుండి ఇంట్లో అందరూ దానిని వేపచెట్టనే అనడం విన్నాను. అమ్మవారి పూజకు దాని రెమ్మలే, గుమ్మానికి దాని తోరణమే. ఇక్కడివారు దానిని సిరింగా అంటారు. ఉగాదినాటి ఉదయం పచ్చడికి పువ్వు కోసమని గిన్నె పట్టుకొని వెళ్ళాను. పువ్వు లేదు. ఈ దేశంలో అది సెప్టెంబరు, అక్టోబరు నెలలలో పూస్తుంది. కొమ్మల నిండా పసుపుపచ్చని కాయలు గుత్తులు గుత్తులుగా ఉన్నాయి. పువ్వు లేకపోతే కాయ, చేదుకు ఏదైనా ఒకటే కదా అనుకొని అయిదారు కోసుకొచ్చి రోటి పక్కన పెట్టాను.

పెద్దమ్మ పట్టుకుంటే గాని కుర్చీలోనుండి లేవలేదు. ఆనాడు ఎవరి సాయం లేకుండా లేచి నిలబడింది. వణికే చేతితో ఆ కాయలను నేలమీదికి తోసివేసింది. “అది నోటికి కాదు! ఆకు గుమ్మానికి, అమ్మవారికి. కాయ ఎవరికీ కాదు” అని కేక వేసింది.

అది తురక వేప. మన వేపకు దగ్గరి చుట్టమే గాని వేప కాదు. దాని కాయ విషం. నేను చదువుకున్నదానను, ఈ సంగతి పుస్తకాలలో ఉన్నది. అయినా ‘వేప’ అన్న ఒక్క మాట నమ్మి రోటి దాకా తెచ్చాను. మా ఇంటిలో ఉగాది పచ్చడి మొదటి చెంచా అందరికంటే చిన్నవారికి పెట్టడం ఆచారం. ఈ ఏడు చిన్నది నా మనుమరాలు, నాలుగేండ్ల పిల్ల. అప్పటికే చెంచా పట్టుకొని గుమ్మంలో నిలబడి ఉన్నది.

కాళ్ళు చల్లబడ్డాయి. కొంతసేపటికి, “మరి చేదుకు ఏమి వేసేదానవు పెద్దమ్మా?” అని అడిగాను. నాలుగు మెంతి గింజలు దోరగా వేయించి పొడిచేసి, కాకరకాయ ముక్క ఒకటి సన్నగా తరిగి వేస్తుందట. ఆ పద్ధతి అవ్వ నేర్పినదట. ఈ చెట్టును చూసి ఆకు తేడా, కాయ తేడా ఎవరు మొదట కనిపెట్టారో ఎవరి పేరూ మిగలలేదు. ఆ తెలివి మాత్రం ఒక అవ్వ నోటి నుండి ఒక మనుమరాలి చెవికి వచ్చి, అక్కడే ఆగింది. నాకు చేరకముందే పెద్దమ్మ కన్నుమూసి ఉంటే ఈ ఉగాది మా ఇంట ఎట్లా ముగిసేదో తలచుకోవడానికి భయం వేస్తున్నది.

పాఠకులకు మనవి

మన ఆచారాలు పోతున్నాయని సభలలో బాధపడుతూ ఉంటాము. 1931లో ఆంధ్ర మహాసభ ఏర్పడిన నాటి నుండి మన భాషను, భజనను నిలబెట్టడానికి పెద్దలు పడిన శ్రమ అందరికీ తెలిసినదే. వంట మాత్రం దానంతట అదే నిలుస్తుందని అనుకున్నాము. అది నిలవదు. ఏది వేయాలో మరచిపోతే రుచి తప్పుతుంది. ఏది వేయకూడదో మరచిపోతే ప్రాణానికే ముప్పు.

కాబట్టి మీ ఇంట పెద్దవారు ఉన్నంతలోనే వారి పక్కన కూర్చోండి. ఆడపిల్లలను, మగపిల్లలను కూడా కూర్చోబెట్టండి. ఒక నోటుబుక్కు పెట్టుకోండి. ఎంత వేస్తారో, దేనికి బదులు దేనిని వేస్తారో, ఎందుకు వేస్తారో, ముఖ్యంగా ఏది వేయరాదో వ్రాసుకోండి. వారు చెప్పిన పేరు పుస్తకంలోని పేరుతో కలవకపోతే దిద్దకండి. ఆ పేరు మీ అవ్వ ఏ ఊరునుండి వచ్చిందో చెప్పవచ్చు. డిసెంబరులో నాలుగు మామిడికాయలు ఉప్పులో వేయడం మరవకండి. గుమ్మం ముందరి చెట్టు ఏ చెట్టో పిల్లలకు ఈనాడే చెప్పండి.

ఆనాటి పచ్చడి సంగతి చెప్పి ముగిస్తాను. మధ్యాహ్నానికి పక్కింటి మామిడి, కొట్టు బెల్లం, చింతపండు, ఉప్పు, మిరియం, మెంతి, కాకర కలిసి ఎనామిల్ కప్పులో చేరాయి. మనుమరాలు మొదటి చెంచా తిని ముఖం చిట్లించి, రెండవ చెంచాకు చెయ్యి చాపింది. పెద్దమ్మ రుచి చూసి, “ఉప్పు తక్కువ, వచ్చే ఏటికి సరిచేసుకో” అన్నది. నోటుబుక్కులో అదీ వ్రాసుకున్నాను.